ప్రారంభోత్సవానికి వెళ్ళకు

జిల్లా పేజీకి ఆటల వార్తలు రాయడానికి కొత్తగా చేరినవాళ్ళకి మా దగ్గర సీనియర్లు నాలుగు జాగ్రత్తలు చెబుతారు. ప్రారంభోత్సవం తప్పిపోకూడదు. ప్రెస్‌నోట్‌ని మించి రాయకూడదు. సంఘాల వాళ్ళతో తగువు పెట్టుకోకూడదు. పిల్లల తల్లిదండ్రులకి ఫోన్ నంబరు ఇవ్వకూడదు. ఈ నాలుగూ పాటిస్తే ఎవరిచేతా మాట పడకుండా రోజులు వెళ్ళిపోతాయి, అందులో అబద్ధం లేదు. నేను మాత్రం నాలుగింటినీ తిరగేసి చెబుతాను. నావి కొంప ముంచే సలహాలని డెస్కులో అంటారు. అననీ. ఇరవై రెండేళ్ళు గ్రౌండ్ల చుట్టూ తిరిగాక నా దగ్గర మిగిలినవి ఇవే.

తమ్ముడూ, మొదటిది ప్రారంభోత్సవం. వెళ్ళకు.

కార్డు మీద ఉదయం పది గంటలని వేస్తారు. పిల్లల్ని ఏడున్నరకే మార్చ్‌పాస్ట్ వరసల్లో నిలబెడతారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఓ ఏడాది జిల్లా స్థాయి స్కూల్ గేమ్స్‌లో ముందు వరసలో ఓ పిల్ల తన మండలం పేరున్న ప్లకార్డు పట్టుకుని నిలబడింది. కాళ్ళకి బూట్లు లేవు. నేల కాలుతుంటే ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి, కాసేపయ్యాక మార్చుకుంటోంది. ప్లకార్డు కర్ర వాలిపోతే వెనకనుంచి పీఈటీ మాస్టారు కేకేశాడు, మళ్ళీ నిటారుగా పట్టుకుంది. నేను షామియానా కింద రెండో వరస కుర్చీలో కూచుని కూల్‌డ్రింక్ తాగుతున్నాను. మధ్యాహ్నం ఆ పిల్లే 800 మీటర్ల పరుగు పరిగెత్తింది. ఎన్నో స్థానంలో వచ్చిందో నాకు తెలీదు, అప్పటికి ఆఫీసుకి వచ్చేశాను. మర్నాడు నా వార్తలో పదకొండు పేర్లున్నాయి. జ్యోతి వెలిగించినవారు, జెండా ఎగరేసినవారు, శాలువా కప్పినవారు, కప్పించుకున్నవారు. ఆడిన పిల్లల పేరు ఒక్కటి లేదు. ఫొటోలో అతిథి బ్యాట్ పట్టుకుని ఉన్నారు. ఆ రోజు అక్కడ క్రికెట్ పోటీ లేనే లేదు.

కాబట్టి హీట్స్ మొదలయ్యాక వెళ్ళు. రెండో రోజు వెళ్ళు. చివరి రిలే అయ్యేదాకా ఉండు. అప్పటికి షామియానా వాడు గుంజలు పీకేస్తుంటాడు, అధికారుల బండ్లు వెళ్ళిపోయి ఉంటాయి, ఫలితాల కాగితం ఒక్క మాస్టారి చేతిలో ఉంటుంది. వార్త అక్కడ ఉంటుంది. ప్రారంభించినవారికి ఒక్క లైను చాలు, అదీ చివర్లో. పోటీకి డబ్బు సాయం చేసినవాళ్ళయితే ఆ సంగతి తప్పకుండా రాయి, అది గౌరవం. మా అధ్యక్షుడి పేరు లేదేమండీ అని రాత్రి ఫోనొస్తుంది. పేర్లకి ఎనిమిది వరసల చోటుంది, పతకాలు ఎనిమిది మందికి వచ్చాయి అని ఉన్నమాట చెప్పు. అరిచినా నువ్వు అరవకు. రెండేళ్ళు అలా చేస్తే పిలవడం మానేస్తారు. అప్పుడు నీకు ఉదయం పూట చాలా సమయం దొరుకుతుంది.

ప్రెస్‌నోట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఓసారి ఫైనల్ జరక్కముందే విజేత పేరుతో నోట్ వచ్చేసింది. సాయంత్రం వాన పడి ఆట ఆగిపోయింది. మర్నాడు రెండు పత్రికల్లో ఆ జట్టు గెలిచేసింది. ఆ తర్వాతి ఆదివారం అసలు మ్యాచ్ ఆడి ఓడిపోయింది. నోట్ పారేయకు, పేర్లు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. గెలుపోటములకి మాత్రం స్కోర్‌షీటే చూడు.

స్కోర్‌షీటు చదవడం నేర్చుకో. కబడ్డీ షీటులో బోనస్ ఎక్కడ గీస్తారో, ఖోఖోలో టైము ఎక్కడ రాస్తారో ఓ అరగంట కూచుంటే ఏ రిఫరీ అయినా చెబుతాడు. ఇంతవరకు ఏ విలేకరీ తమని ఇది అడగలేదని ఇద్దరు రిఫరీలు నాతో అన్నారు. సంచిలో ఓ స్టాప్‌వాచ్ పెట్టుకో. ఇది వింటే మావాళ్ళు నవ్వుతారు, టైము చూసుకోవడం అధికారుల పని కదా అని. అధికారుల పనే. కానీ సున్నంతో గీసిన ట్రాకు మీద, చేతి గడియారంతో తీసిన టైముకి 'రాష్ట్ర రికార్డు బద్దలు' అని నోట్ వస్తే అచ్చేసేది నువ్వు. చేతి టైమింగు వేరు, ఎలక్ట్రానిక్ టైమింగు వేరు, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఆ ఒక్క ముక్క తెలిస్తే సగం తప్పుడు రికార్డులు నీ దగ్గరే ఆగిపోతాయి.

అధికారి చేయవలసిన చిన్న పని చేయకపోతే క్రీడాకారికి ఏమవుతుందో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూసి తెలుసుకోవాలి. 2020 జనవరిలో మూడబిదిరిలో అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ పెట్టిన 13.38. అయినా జ్యోతి పరుగుని రికార్డుగా లెక్కపెట్టలేదు. ఆ పోటీలో ఆమెకి డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లు, పరిమితి 2.0. అదీ పోయింది. చివరికి ఆ మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తాకే రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. అంటే ఆమె అంతకుముందే రెండుసార్లు అంతకన్నా వేగంగా పరిగెత్తేసింది. గాలి ఎవరి చేతుల్లోనూ లేదు. మూడబిదిరిలో పరీక్ష జరపడం, ప్రతినిధిని పంపడం మనుషుల చేతుల్లో ఉన్నవే. నువ్వు గ్రౌండ్లోకి అడుగుపెట్టగానే గాలి కొలిచే పరికరం ఉందా, సాంకేతిక అధికారి వచ్చాడా అని అడుగు. ఆట మొదలవక ముందే అడుగు. పత్రికవాడు అడిగాడని కొన్నిచోట్ల అప్పటికప్పుడు తెప్పించారు, నేను కళ్ళారా చూశాను.

బరువులెత్తే పోటీకి వెళ్తే మొత్తం ఒక్కటే రాసి రాకు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000 సెప్టెంబరు 19న ఊసవానిపేట కరణం మల్లీశ్వరి ఎత్తింది 240 కిలోలని అందరూ రాస్తారు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 అని రాస్తేనే ఆ ఆట తెలిసినవాడికి ఆమె ఎలా ఎత్తిందో కళ్ళకు కడుతుంది. విజయనగరం దగ్గర కొండవెలగాడ లాంటి బరువుల ఊళ్ళో తప్పు అంకె అచ్చయిన పేపరుని ఎవరూ క్షమించరు. వాళ్ళు క్షమించకపోవడం నాకు ఇష్టం.

ఇక సంఘాలు. వాళ్ళతో తగువు పెట్టుకో.

ఈ మాట దగ్గర మా ఇన్‌ఛార్జి తల పట్టుకుంటాడు. ఒకే ఆటకి జిల్లాలో రెండు సంఘాలుంటాయి. ఇద్దరికీ అధ్యక్షులు, ఇద్దరికీ లెటర్‌హెడ్లు, ఒకే ఆదివారం రెండుచోట్ల జట్టు ఎంపికలు. మనవాళ్ళు ఎవరి నోట్‌కి వాళ్ళకి మూడేసి లైన్లు వేసి చేతులు దులుపుకుంటారు. నేనూ అంతే చేశాను. సబ్ జూనియర్ జట్టు ఎంపికైందని, జాతీయ పోటీలకి వెళ్తోందని రాశాను. అందులో ఓ కుర్రాడి తండ్రికి ఇడ్లీ బండి ఉంది. ట్రాక్‌సూటుకి, రైలు టిక్కెట్టుకి, అక్కడ బసకి అని ఎనిమిది వేలు కట్టించుకున్నారు. కుర్రాడు ఉత్తరాదికి వెళ్ళి పతకం తెచ్చాడు. మళ్ళీ రాశాను, ఫొటోతో. నాలుగేళ్ళయ్యాక స్పోర్ట్స్ కోటాలో సీటుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ సమాఖ్యకి గుర్తింపు లేదు, సర్టిఫికెట్ చెల్లదు అని తిప్పి పంపారు.

అబ్బాయి మా ఇంటికొచ్చాడు. వెంట తండ్రి కూడా. బల్ల మీద సర్టిఫికెట్ పెట్టాడు, దాని పక్కన లామినేషన్ చేయించిన నా వార్త కటింగ్ పెట్టాడు. "జాతీయ పోటీలని మీరే రాశారు కదా సార్" అన్నాడు. కోపంగా అనలేదు. నా రాతని సాక్ష్యంగా చూపిస్తే అధికారులు నమ్ముతారేమో, ఓ కాగితం మీద రాసివ్వమని అడగడానికి వచ్చాడు. 'జాతీయ' అన్న మాట నాదే. నోట్‌లో ఉంది కాబట్టి రాశాను, ఎవర్నీ అడగలేదు. తండ్రి బల్ల మీద పరిచిన కటింగ్‌ని అరచేత్తో సాపు చేస్తూ కూచున్నాడు. ఏం రాసివ్వను?

అందుకే చెబుతున్నాను, ఎంపికల వార్త రాసేముందు అడుగు. రాష్ట్ర సంఘం ఈ ఏడాది ఇచ్చిన గుర్తింపు లేఖ ఏదీ? ఆ రాష్ట్ర సంఘాన్ని గుర్తించిన జాతీయ సమాఖ్య ఏది? ఆ సమాఖ్య కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తించిన జాబితాలో ఉందా? జాబితా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఐదు నిమిషాల పని. పిల్లల దగ్గర డబ్బు ఎంత తీసుకుంటున్నారు, రసీదు ఇస్తున్నారా? తిరిగొచ్చాక ఇచ్చే సర్టిఫికెట్ ఏ ఫారం కిందికొస్తుంది? కేంద్ర ఉద్యోగాలకి జాతీయ పోటీలదైతే ఫారం-2, స్కూల్ గేమ్స్ జాతీయ పోటీలదైతే ఫారం-4. ఈ ప్రశ్నలకి జవాబివ్వనివాళ్ళ వార్తలో 'గుర్తింపు పత్రం చూపలేదు' అని మూడు మాటలు చేర్చు. ఆ మూడు మాటలు ఓ ఇడ్లీ బండి ఇంటికి ఎనిమిది వేలు మిగులుస్తాయి.

తగువు వస్తుంది. ఎడిటర్‌కి ఫోన్ చేస్తారు. అవతలి వర్గం దగ్గర డబ్బు తిన్నావంటారు, నీ కులం తీస్తారు, ప్రకటనలు ఆపేస్తామంటారు. నా విషయంలో రెండుసార్లు ఆపారు కూడా. ఒకసారి నేనే ప్రకటనల విభాగం వాళ్ళ ముందు కూచుని, ఆ కుర్రాడి కటింగ్ జిరాక్స్ చూపించి చెప్పుకోవలసి వచ్చింది. పెద్దవాళ్ళ తగువులో నలిగేది ఆడేవాళ్ళే, ఇది జిల్లాకే పరిమితం కాదు. 2012 డిసెంబరులో ఎన్నికల గొడవ మీద అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మన ఒలింపిక్ సంఘాన్ని సస్పెండ్ చేసింది. 2014 ఫిబ్రవరిలో సోచి శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభంలో మనవాళ్ళు ముగ్గురు మన జెండా లేకుండా ఒలింపిక్ జెండా కింద నడిచారు. ఆ ముగ్గురూ ఏ ఎన్నికల్లోనూ పోటీ చేసినవాళ్ళు కాదు. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది, గుర్తింపులు చూడటానికి బోర్డు పెడతామంది. మంచిదే. కానీ మన జిల్లాలో ఆదివారం ఎంపికల దగ్గర ఏ బోర్డూ నిలబడదు. నిలబడేది నువ్వే.

తల్లిదండ్రులకి ఫోన్ నంబరు ఇవ్వు. అడక్కపోయినా ఇవ్వు.

పొద్దున్నే ఆరింటికి మోగుతుంది. మావాడు రెండు గోల్స్ కొడితే ఒకటే రాశారేం అంటారు. మా అమ్మాయి ఫొటో కట్ చేశారంటారు. క్రికెట్ తప్ప మీకేమీ కనబడదా అని తిట్టేవాళ్ళుంటారు. వాళ్ళు తిట్టేది నిజమే, ఐపీఎల్ నడిచే రోజుల్లో మన జిల్లా వార్తలన్నీ ఎగిరిపోతాయి. ఆ కోపం పత్రికకి రాసి పంపమను. నేను పదిసార్లు అడిగినా దొరకని చోటు, పాఠకుల ఉత్తరాలు ఓ కట్ట వచ్చాక దొరికింది.

ఓ తండ్రి మాత్రం తిట్టలేదు. ఇంటిపేరులో సున్నా ఎగిరిపోయింది సార్ అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. ఇంటిపేరు మధ్య ఉండవలసిన సున్నా లేకుండా అచ్చయింది, అది ఆ ఊళ్ళోనే వేరే ఇంటివాళ్ళ పేరు. పతకం గెలిచింది మా అమ్మాయి కాదు, వాళ్ళ అమ్మాయని ఊళ్ళో అనుకుంటున్నారు అన్నాడు. మా అమ్మాయి నిన్నటి నుంచి బయటికి రావడం లేదు అన్నాడు. అక్షరం తప్పుకి సవరణ ఏమిటని డెస్కు ఒప్పుకోలేదు. మర్నాటి ఫలితాల వార్త చివర, నిన్నటి పోటీలో రెండో స్థానం ఫలానా అమ్మాయిదని పూర్తి పేరుతో ఓ లైను కలిపాను. నీకూ ఆ దారి ఉంది, వాడుకో. నంబరు ఇవ్వకపోయి ఉంటే ఆ సున్నా సంగతి నాకు ఈ జన్మకి తెలిసేది కాదు.

ఇంకో రకం ఫోన్లుంటాయి, వాటితో జాగ్రత్త. అవతలి జట్టులో అండర్-14 ఆడుతున్నవాడికి పదిహేడేళ్ళు సార్, రాయండి అంటారు. చాలాసార్లు నిజమే ఉంటుంది, మూతి మీద మీసం నువ్వూ చూసి ఉంటావు. అయినా ఆ పిల్లవాడి పేరు రాయకు. వాడికి ఆ పుట్టిన తేదీ వేయించినవాడు ఒకడున్నాడు, చూసి సంతకం పెట్టినవాడు ఇంకొకడున్నాడు. వాళ్ళ దగ్గరికి వెళ్ళు. క్రికెట్ బోర్డు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ-3 పద్ధతిలో ఎముకల వయసు లెక్కగడుతుంది. మన స్కూలు పోటీల్లో వయసుకి ఆధారం కాగితమే. కాబట్టి అడగవలసింది కాగితాన్ని, పిల్లవాణ్ణి కాదు. ఫోన్ చేసిన తండ్రికి కూడా అదే చెప్పు. మీ అబ్బాయికి అన్యాయం జరిగితే అది ఆఫీసులో జరిగింది, మైదానంలో కాదు అని చెబితే కొందరు వింటారు.

పోటీల రోజు అతిథుల టేబుల్ దగ్గర భోంచేయకు, పిల్లల లైన్లో పళ్ళెం పట్టుకుని నిలబడు. విలేకరికి అది చిన్నతనమని మర్యాదగా వచ్చి చెయ్యి పట్టుకుని లాగుతారు. కదలకు. సాంబారులో నీళ్ళెన్నో, నాలుగు వందల మందికి కుళాయిలెన్నో, ఆడపిల్లల బస దగ్గర మరుగుదొడ్డికి గడియ ఉందో లేదో ఆ లైన్లోనే తెలుస్తుంది. 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సహరాన్‌పూర్‌లో కబడ్డీ ఆడటానికొచ్చిన అమ్మాయిల అన్నం మరుగుదొడ్లో పెట్టారు. ఎవరో వీడియో తీశారు కాబట్టి దేశమంతా చూసింది, అధికారిని సస్పెండ్ చేశారు. ఆ రోజు అక్కడ పిల్లలతో కలిసి వడ్డించుకున్న పెద్దమనిషి ఒక్కడున్నా అన్నం అక్కడికి వెళ్ళేది కాదని నా నమ్మకం.

గ్రౌండ్లో రాజకీయ సభ జరిగితే ఆ రోజు ఎంతమంది వచ్చారని రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నువ్వు మర్నాడు పొద్దున ఐదున్నరకి వెళ్ళు. గుంజలు పాతిన గుంతలు లెక్కపెట్టు. ఓసారి నేను ఫుట్‌బాల్ మైదానంలో అరవై దాకా లెక్కపెట్టాను, ఒక గోల్‌కీపర్ అబ్బాయి నాతోపాటు నడుస్తూ చెప్పుతో మట్టి నెడుతూ వాటిని పూడ్చుకుంటూ వచ్చాడు. దీపావళి టపాకాయల దుకాణాలయ్యాక వెళ్ళు, ఎగ్జిబిషన్ ఎత్తేశాక వెళ్ళు. మేకులుంటాయి, గాజు పెంకులుంటాయి. ఆటల పేజీ ఆ వార్త తీసుకోదు, నగరం పేజీకి ఇవ్వు. అద్దె ఎంత వచ్చింది, అందులో గుంతలు పూడ్చడానికి ఎంత కట్టించుకున్నారు అని స్టేడియం ఆఫీసులో అడుగు. సార్ మీటింగ్‌లో ఉన్నారంటారు. వాచ్‌మన్‌ని అడుగు. ఇరవై రెండేళ్ళలో నాకు ఎక్కువ నిజాలు చెప్పినవాళ్ళు వాచ్‌మన్లు, నీళ్ళు పట్టేవాళ్ళు, సున్నం గీతలు గీసేవాళ్ళు. వాళ్ళ పేర్లు బయటపెట్టకు, వాళ్ళ ఉద్యోగాలు రోజు కూలీవి.

లైన్ అకౌంట్ మీద బతికే మనకి ఇదంతా ఎందుకని అడుగుతావు. ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని డబ్బులు. గుంతల వార్తకి రోజంతా పోతుంది, అతిథుల వార్త పది నిమిషాల్లో అయిపోతుంది, రెండింటికీ లైనుకి రేటు ఒకటే. దానికి నా దగ్గర జవాబు లేదు. యాజమాన్యాలు ఇవ్వవలసిన జవాబది. నేను ఇంటి ఖర్చులకి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాను. నీకు కుదరకపోతే వారానికి ఒక్క పోటీ ఎంచుకో, దాన్ని మాత్రం ఇలా రాయి.

మొన్న డివిజన్ మీట్ అయ్యాక బస్సు బయల్దేరుతోంది. రిలే గెలిచిన నలుగురి పేర్లు మాస్టారి కాగితంలోంచి రాసుకున్నాను. అయినా బస్సెక్కి, కిటికీల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కర్నీ మళ్ళీ అడిగాను. డ్రైవరు హారన్ కొట్టాడు. మూడో అమ్మాయి నా పుస్తకంలోకి తొంగిచూసి, "సార్, మా ఊరు పేరులో చివర ల కాదు, ళ" అంది. కలం నా చేతిలోంచి తనే తీసుకుని కొట్టేసి, పక్కన పెద్దగా రాసిచ్చింది.